శ్రీ అంటే నాలుగక్షరాలు



అరవయ్యో ఏట మళ్ళీ బడికి వెళ్ళొచ్చాను. ఆరు రోజుల బడి. పొద్దున్నే క్యారేజీ సర్దుకుని జిల్లా కేంద్రానికి బస్సెక్కడం, సాయంత్రం నోటుపుస్తకం నిండా రాసుకుని రావడం. గుమ్మంలో చెప్పులు విడుస్తుంటేనే మా మనవరాలు, "అమ్మమ్మా, ఇవాళ మీ టీచర్ నీకు స్టార్ ఇచ్చిందా?" అని అడిగేది. మొదటి రోజూ రెండో రోజూ లేదనే చెప్పాల్సి వచ్చింది.

కోస్తాలో ఒక చిన్న ఊళ్ళో శాఖా గ్రంథాలయం చూసుకుంటున్నాను నేను. ముప్పయ్యేళ్ళ సర్వీసు. పదకొండు వేల పైచిలుకు పుస్తకాలు, గోడవారగా కుర్చీలు లాక్కుని గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదువుకునే పిల్లలు, తలుపు తీయకముందే వచ్చి పేపరు కోసం అరుగు మీద కూచునే పెద్దవాళ్ళు. ఇదీ నా ప్రపంచం. ఈ పుస్తకాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి, లైబ్రేరియన్లకు శిక్షణ ఇస్తాం, రమ్మన్నారు. "ఇంకో రెండేళ్ళలో దిగిపోయేదాన్ని, నాకెందుకండీ?" అన్నాను. "మీరు దిగిపోతారు గానీ పుస్తకాలు దిగిపోవు కదమ్మా" అన్నారు ఫోన్‌లో అవతలి ఆయన. జవాబు తోచక వెళ్ళాను.

మా వయసువాళ్ళకు కంప్యూటరంటే భయమని అందరూ అనుకుంటారు. అదేం కాదు. పొద్దున లేస్తే వాట్సాప్‌లో మేం చూడని వింత లేదు. భయమల్లా చిన్నవాళ్ళ ముందు తప్పు చేయాలంటేనే. ఊళ్ళో ముప్పయ్యేళ్ళుగా "లైబ్రరీ మేడమ్‌గారు" అని లేచి నిలబడతారు. ఇక్కడేమో మా చిన్నమ్మాయి ఈడు పిల్ల నా వెనక నించుని, "మేడమ్, మౌస్‌ని అంత గట్టిగా పట్టుకోనక్కర్లేదు, అది ఎక్కడికీ పారిపోదు" అంటుంటే చెవులు వేడెక్కాయి.

మాకు పాఠం చెప్పింది ఆ పిల్లే. మొదటి రోజు బోర్డు మీద "శ్రీ" అని రాసి, "ఇవి ఎన్ని అక్షరాలు?" అని అడిగింది. ముప్పై మందిమీ ఒక్క గొంతుతో "ఒకటి" అన్నాం. "కంప్యూటర్‌కి నాలుగు" అంది. శ ఒకటి. దాని పొల్లు ఒకటి. ర ఒకటి. గుడిదీర్ఘం ఒకటి. మన కంటికి ఒద్దికగా ఒక్క అక్షరమై కూచున్నది దాని లెక్కలో నాలుగు ముక్కలు. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన గళ్ళు 128. వాటిలో శ్రీకి గడి లేదు, క్షకీ లేదు. విడిభాగాలే ఉంటాయి, కూర్చుకోవాలి.

సరదాకి చెప్పిన సంగతి కాదిది. ఇంగ్లీషు పుస్తకం పేరు "ది" అని మొదలైతే దాన్ని వదిలేసి తర్వాతి మాటతో అకారాది వరసలో పెట్టాలి. ఎన్ని అక్షరాలు దాటాలో క్యాటలాగులో ఒక అంకె వేసి చెప్పాలి. ఇంగ్లీషులో దాని అక్షరాలు మూడు, పక్కన ఖాళీ ఒకటి, వెరసి నాలుగు. నేను చెయ్యెత్తాను. "మా పురాణాల బీరువా అంతా శ్రీతోనే మొదలవుతుందమ్మా. శ్రీ ఫలానా మాహాత్మ్యము, శ్రీ ఫలానా చరిత్రము. అవన్నీ పోయి శ దగ్గర గుంపు కడితే వెతుక్కునేవాళ్ళు ఏమైపోవాలి? శ్రీని కూడా దాటమని చెప్పొచ్చా?" ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "రూల్ ప్రకారం అది ఆర్టికల్ కాదు మేడమ్, దాటకూడదు" అంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర నా పక్కకొచ్చి కూచుని, పెరుగన్నం కలుపుకుంటూ, "మీరడిగింది నాకెప్పుడూ తట్టలేదు మేడమ్" అంది. అక్కడి నుంచి నా చెవులు కాస్త చల్లబడ్డాయి.

మాకు నేర్పిన సాఫ్ట్‌వేర్ పేరు కోహా. దాని పుట్టుక కథ నాకు నచ్చింది, అందుకని చెబుతాను. న్యూజిలాండ్‌లో హొరోఫెనువా అనే ప్రాంతం ఉంది. అక్కడి లైబ్రరీల ట్రస్టు వాడుతున్న పాత కంప్యూటర్ ప్రోగ్రాం 2000 సంవత్సరం రాగానే తారీకులు అర్థంకాక చతికిలబడుతుందని తేలింది. ఆ రోజుల్లో ప్రపంచమంతా ఇదే గోల, మీకు గుర్తుండే ఉంటుంది. కొత్తది కొనడం తలకు మించిన ఖర్చు. దాంతో 1999లో కటిపో అనే చిన్న సంస్థ చేత తమకు కావలసింది తామే రాయించుకున్నారు. 2000 జనవరి మొదట్లోనే అది పనిలోకి దిగింది. అంతటితో ఊరుకోలేదు. ఎవరైనా వాడుకోండి, కావలసినట్టు మార్చుకోండి అని ప్రపంచానికి ఊరికే ఇచ్చేశారు. అక్కడి మావోరీల భాషలో కోహా అంటే కానుక. ఉత్త కానుక కాదు. వచ్చిన అతిథి తెచ్చేది, రేపు మనం వాళ్ళ దగ్గరికి వెళితే మనమూ ఇచ్చేది. ఇది వినగానే నా పక్క కుర్చీలో ఆవిడ "చదివింపులన్నమాట" అంది. క్లాసంతా నవ్వింది గానీ అంతకన్నా మంచి మాట నాకైతే దొరకలేదు. పెళ్ళిపందిట్లో ఎవరెంత ఇచ్చారో పైకి చదివి రాసుకోవడం, వాళ్ళింట్లో పెళ్ళికి ఆ పుస్తకం తీసి చూసుకోవడం. లైబ్రరీకి వచ్చిన కానుకకు చదివింపు అని పేరు పెట్టకపోతే ఇంకేం పెడతాం?

రెండో రోజు బార్‌కోడ్. స్కానర్ చూడ్డానికి తుపాకీలా ఉంది, నొక్కితే ఎర్రగీత పడుతుంది. అదేదో మహా యంత్రం అనుకున్నాను. తీరా చూస్తే కీబోర్డుకు తమ్ముడు. నల్లగీతల్ని చదివి, అంకెలు చేసి, కర్సర్ ఎక్కడుంటే అక్కడ టైపు కొట్టి ఎంటర్ నొక్కేస్తుంది. కర్సర్ ఎక్కడుందో చూసుకోవాల్సింది మనం. నేను చూసుకోలేదు. ఎక్సెల్‌లో పుస్తకాల పట్టిక ఇచ్చి నంబర్లు ఎక్కించమంటే, పేర్ల వరసలో కర్సర్ పెట్టి టకటకా కొట్టుకుంటూ పోయాను. తలెత్తి చూస్తే పదకొండు నవలల పేర్లు మాయమై వాటి చోట పదకొండు నంబర్లు. "జైల్లో ఖైదీల్లా ఉన్నాయండీ" అంది పక్క కుర్చీ ఆవిడ. చేసింది వెనక్కి తీసుకోవడానికి ఒక మీట ఉంటుందని అప్పుడే తెలిసింది. అక్సెషన్ రిజిస్టర్‌లో తప్పు పడితే ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన సంతకం పెట్టడం ఎరుగుదును గానీ, తప్పే జరగనట్టు వెనక్కి వెళ్ళడం నా సర్వీసులో లేదు. ఆ సాయంత్రం బస్సులో ఆ మీట గురించే ఆలోచించుకుంటూ మా ఊరు దాటిపోయి పక్క ఊళ్ళో దిగాను.

అసలు పాఠం మూడో రోజు మొదలైంది. రచయిత పేరు.

రేడియోలో అక్షరాలు చూపించలేను, మీరే ఊహించుకోవాలి. విశ్వనాథ అని రాయాలి. చివరి అక్షరం థ. కింద ఒత్తు, పొట్టలో చుక్క. ఆ చుక్క మరిచిపోతే ధ. చేత్తో రాసేటప్పుడు ఎవరం పట్టించుకోం. అంతెందుకు, గ్రంథాలయం అనే మాటే ఎన్నో బోర్డుల మీద చుక్క లేకుండా వెలుగుతుంటుంది. కార్డు క్యాటలాగులో చుక్కున్న కార్డూ చుక్క లేని కార్డూ పక్కపక్కనే ఉండేవి, వేలితో తిప్పుకుంటూ పోతే రెండూ కనపడేవి. కంప్యూటర్‌కు ఆ దాక్షిణ్యం లేదు. దానికి చుక్కున్న విశ్వనాథ సత్యనారాయణగారు ఒకరు, చుక్క లేని ఆయన మరొకరు. ఇద్దరికీ పుస్తకాలు పంచి పెట్టేస్తుంది. పైగా వేయిపడగలు అని కలిపి రాస్తే ఒక పుస్తకం, వేయి పడగలు అని విడదీస్తే ఇంకో పుస్తకం. కన్యాశుల్కం చివర సున్న పెట్టామా, ము పెట్టామా? మా రిజిస్టర్‌లోనే రెండు రకాలూ ఉన్నాయి, రెండూ నా చేతిరాతే.

తర్వాత ఇంటిపేర్ల బాధ. ఇంగ్లీషు వాళ్ళకు ఇంటిపేరు చివర వస్తుంది, మనకు ముందు వస్తుంది. వాళ్ళ అలవాటు ప్రకారం తిరగేసిన రికార్డుల్లో సత్యనారాయణ ముందూ విశ్వనాథ వెనకా నిలబడి ఉంటాయి. మన వాళ్ళే అలా తిరగేశారు కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

వీటన్నిటికీ పెద్దక్క కలం పేరు. శ్రీశ్రీ అంటే శ్రీరంగం శ్రీనివాసరావు. ఆరుద్ర అంటే భాగవతుల సదాశివ శంకరశాస్త్రి. రావిశాస్త్రి అట్ట మీద రాచకొండ విశ్వనాథశాస్త్రి అనీ ఉండొచ్చు. బీనాదేవి అంటే ఒక్క ఆవిడ కాదు, భార్యాభర్తలు ఇద్దరు. శారద అంటే ఆడమనిషి అనుకుంటారు కదా? ఆయన నటరాజన్. తమిళం మాతృభాషగా పుట్టి, తెనాలి హోటళ్ళలో సర్వరు పని చేస్తూ తెలుగు నేర్చుకుని, తెలుగులో నవలలు రాసి, 1955లో చిన్నవయసులోనే పోయారు. వారపత్రికల నవలలు రాజ్యమేలిన కాలంలో ఆడపేర్లతో రాసిన మగవాళ్ళ సంగతి సరేసరి. ఇంతమందిలో ఏదో ఒక పేరు ఖాయం చేసి, మిగతా పేర్లతో ఎవరు వెతికినా అక్కడికే దారి చూపించాలి. పాతకాలంలో దానికి "చూడు" కార్డు అని ఉండేది. శ్రీరంగం శ్రీనివాసరావు, చూడు: శ్రీశ్రీ. కోహాలోనూ అదే పద్ధతి, పేరు మాత్రం అథారిటీ ఫైలు.

మా లైబ్రరీలో ఈ "చూడు" కార్డులు ఏనాడూ పూర్తిగా రాసి లేవు. తీసి చూసుకుంటే పాతికో ముప్పయ్యో ఉన్నాయేమో. రాయాల్సిన అవసరం రాలేదు, మా అటెండరుగారు ఉండేవారు కాబట్టి. "నీలం అట్టండీ, మీద దీపం బొమ్మ, ఎవరో శాస్త్రిగారు రాశారు" అని చెప్తే చాలు, చేతిలో చీపురు పక్కన పెట్టి లోపలికి వెళ్ళి పుస్తకం పట్టుకొచ్చేవారు. ముప్పయ్యారేళ్ళు చేశారు. పోయిన జూన్‌లో రిటైరయ్యారు. దండ వేశాం, శాలువా కప్పాం, ఫొటో తీయించుకున్నాం. మా క్యాటలాగు ఆయనతోపాటే గేటు దాటి వెళ్ళిపోయిందని శిక్షణ మూడో రోజు మధ్యాహ్నం, ఆ కంప్యూటర్ ముందు కూచుని ఉండగా తెలిసింది నాకు.

ఆ సాయంత్రం మనవరాలికి స్టార్ ఇచ్చారనే చెప్పాను.

నాలుగో రోజు అంబేద్కర్‌గారి దగ్గర ఆగిపోయాం. మా లైబ్రరీలో గ్రూప్స్ పిల్లలు ఎక్కువగా అడిగే పేర్లలో ఆయనదొకటి. ద పొల్లా, డ పొల్లా అన్నది మొదటి పేచీ. రెండు రకాలుగానూ అచ్చవుతుంది. రెండో పేచీ ఇంకా సూక్ష్మం. పొల్లు పక్కన క కొడితే ఆ క ఒత్తుగా మారి కిందికి దిగిపోతుంది. దిగకుండా పక్కనే నిలబెట్టాలంటే రెంటి మధ్యా ఒక కనపడని అక్షరం కొట్టాలి. నిజంగానే కనపడదు. దానికి చోటుండదు, రూపముండదు, కంప్యూటర్‌కు మాత్రమే తెలుస్తుంది. నేను అది కొట్టి ఎక్కించాను, పక్కావిడ కొట్టకుండా వెతికింది. దొరకలేదు. తెర మీద అక్షరాలు అటూ ఇటూగా ఒకేలా ఉన్నాయి, పుస్తకం నా బల్ల మీదే ఉంది, వెతికితే లేదంటుంది. ఒక గంట పట్టింది ఆ దొంగను పట్టుకోవడానికి. చివరికి ముప్పై మందిమీ కలిసి మా జిల్లాకంతటికీ ఒకే పద్ధతి అని తీర్మానం రాసుకున్నాం. అరటావు కాగితం మీద రాసిన ఆ తీర్మానమే ఆ ఆరు రోజుల్లోనూ నాకు అన్నిటికన్నా పనికొచ్చింది. అది సిలబస్‌లో లేదు.

ఐదో రోజు మరో వింత. పుస్తకం వెనక ఉండే ఐఎస్‌బీఎన్ నంబరు కొడితే, ఆ పుస్తకాన్ని ఇదివరకే ఎక్కించిన పెద్ద లైబ్రరీల నుంచి వివరాలు వాటంతటవే వచ్చి పడతాయి. నేను ఒక తెలుగు కథల పుస్తకం నంబరు కొడితే వివరాలు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి వచ్చాయి. వాళ్ళు 1960ల నుంచీ ఢిల్లీలో ఆఫీసు పెట్టుకుని మన భాషల పుస్తకాలు కొని పంపించుకుంటున్నారట. పుస్తకమేమో విజయవాడలో అచ్చయింది, మా ఊరికి గంటన్నర ప్రయాణం. దాని జాతకం అమెరికా నుంచి రావాలి. వచ్చిన ఆ జాతకం ఇంగ్లీషు లిపిలో ఉంది, అక్షరాల నెత్తిన గీతలు, కింద చుక్కలు. మా అరుగు మీద కూచునే పెద్దాయన ఎవరైనా ఆ గీతలూ చుక్కలూ కొట్టి వెతుకుతారా? మళ్ళీ తెలుగులో రాయక తప్పలేదు. ఇక మా పాత పుస్తకాల్లో చాలావాటికి ఆ నంబరే లేదు, వాటి జాతకం ఎక్కడా దొరకదు. మేం రాస్తేనే ఉంటుంది.

ఆఖరి రోజు సర్టిఫికెట్లు, జనపనార సంచీ, పెన్ను. అప్పుడే మా టీచర్ ఒక ముచ్చట చెప్పింది. అమెరికాలో షార్లెట్ అనే నగరం ఉంది, అక్కడి పబ్లిక్ లైబ్రరీలో 2006లో హెలెన్ బ్లోవర్స్ అనే ఆవిడ తమ సిబ్బందికి ఇంటర్నెట్ సంగతులు నేర్పడానికి 23 చిన్న చిన్న పనులు పెట్టింది. క్లాసు లేదు, టీచర్ లేదు. తొమ్మిది వారాల్లో ఎవరికి వాళ్ళు ఆడుకుంటూ చేసి, ఏం చేశారో రాసి చూపించాలి. గడువులోగా పూర్తిచేసినవాళ్ళకు పాటలు వినే ఎంపీత్రీ ప్లేయర్ బహుమానం. ఆ పద్ధతిని తర్వాత ఎన్నో దేశాల లైబ్రరీలు ఎత్తుకుని వాడుకున్నాయి. జనపనార సంచీ వంక చూసుకుని అందరం నిట్టూర్చాం. సంచీ మంచిదే, కూరలకు పనికొస్తోంది.

గ్రంథాలయంలో పనిచేసేవాళ్ళకు పని నేర్పాలన్న ఆలోచన మన దగ్గర కొత్తది కాదు. 1914లో బెజవాడలో గ్రంథాలయాల వాళ్ళందరినీ సభకు కూడేసిన అయ్యంకి వెంకటరమణయ్యగారి వెనక నడిచిన తరం శిక్షణ తరగతులు పెట్టింది, పడవ మీద పుస్తకాలు వేసుకుని కాలువ గట్టు ఊళ్ళకు తిప్పింది. వాళ్ళు తమని తాము గ్రంథాలయ సేవకులం అనుకునేవారు. నా సర్టిఫికెట్ మీద "పార్టిసిపెంట్" అని ఉంది.

ఇంటికొచ్చాక సంగతి చెప్పాలి. మా లైబ్రరీకి కంప్యూటర్ వచ్చింది. నెట్ కనెక్షన్ రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. యూపీఎస్ బ్యాటరీ పది నిమిషాలు కీచుమని ఊరుకుంటుంది. పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదని నేర్పారు, నేనేమో మరిచిపోతానని తెర అంచున చీటీ అంటించుకున్నాను, తప్పే. రోజుకు పది పుస్తకాలు ఎక్కితే గొప్ప. పేపర్లు సర్దాలి, మెంబర్లకు పుస్తకాలివ్వాలి, ఫ్యాను తిరగడం లేదని పిల్లలు పిలిస్తే చూడాలి.

అటెండరుగారికి ఫోన్ చేశాను. "ఖాళీగానే ఉన్నానమ్మా, వస్తాను" అన్నారు. సాయంత్రం నాలుగింటికి వస్తారు, ముక్కాలి పీట లాక్కుని నా పక్కన కూచుంటారు. నేను పుస్తకం తీసి పేరు చదువుతాను, ఆయన కళ్ళు మూసుకుని ఆ రచయితకున్న మిగతా పేర్లు చెబుతారు. నేను "చూడు"లు ఎక్కిస్తాను. శ్రీ నాలుగక్షరాలని చెబితే ఆయన నమ్మలేదు. వేళ్ళ మీద లెక్కపెట్టి, "మరి శ్రీశ్రీగారికి ఎనిమిదా? పాపం" అన్నారు.

మొన్న గ్రంథాలయ వారోత్సవాలు అయిన మర్నాడు డిగ్రీ చదువుకునే అమ్మాయి ఒకతె వచ్చింది. తెనాలి రచయితల మీద ప్రాజెక్టు చేస్తోందట, శారద రాసిన అపస్వరాలు కావాలంది. కంప్యూటర్‌లో కొట్టాను. లేదంది. ఆ బీరువా ఇంకా ఎక్కించలేదు మరి. అటెండరుగారు పీట మీంచి లేచి, "అది నటరాజన్‌గారిదమ్మా, కిటికీ పక్క బీరువా, మూడో అర, ఎడం చేతివైపు" అంటూ లోపలికి వెళ్ళారు. ఎంతసేపటికీ రాలేదు. వెళ్ళి చూస్తే, మూడో అర ముందు చెయ్యి లోపలికి పెట్టి అలాగే నిలబడి ఉన్నారు. "ఇక్కడే ఉండాలమ్మా" అన్నారు. వారోత్సవాలకు సున్నం వేయించినప్పుడు బీరువాలు జరిపారు. కూలివాళ్ళు పుస్తకాలు దింపి, మళ్ళీ చేతికొచ్చినట్టు సర్దేశారు. ఆయనకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

అమ్మాయి ఫోన్ నంబరు రాసుకుని పంపించాను. ఆ సాయంత్రం కంప్యూటర్ ముందు కూచోలేదు ఇద్దరం. ఆ బీరువా మొత్తం కింద దింపి చాప మీద పేర్చుకున్నాం. పుస్తకం రెండో రోజు దొరికింది, వ్యవసాయం పుస్తకాల మధ్య, అట్ట మీద సున్నం మరకతో. పై పంచతో తుడిచి నా చేతికిచ్చారు. పేరు కొట్టాను, శారద అని కొట్టాను, ఎస్. నటరాజన్‌కు "చూడు" వేశాను, బార్‌కోడ్ చీటీ అంటించాను. స్కానర్ నొక్కేముందు కర్సర్ ఎక్కడుందో చూసుకున్నాను.

"ఎంత నంబరు పడిందమ్మా?" అన్నారు.

"నాలుగు వందల పదమూడు" అన్నాను.